రైతుకు భర్మార్, నాయకుడికి రివాల్వర్: తుపాకీ చట్టం ఎవరి కోసం రాశారు?

2020లో పది నెలల తేడాతో ఉత్తర తెలంగాణలో రెండు కాల్పుల ఘటనలు జరిగాయి. ఫిబ్రవరిలో సిద్దిపేట జిల్లా అక్కన్నపేటలో గోడ దగ్గర మొదలైన ఇరుగుపొరుగు తగాదాలో ఒకతను ఏకే-47 పట్టుకొచ్చి కాల్చాడు. అదృష్టం కొద్దీ తూటాలు ఎవరికీ తగల్లేదు. డిసెంబరులో ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ గొడవ పెద్దల దాకా పోయింది. ఒక పార్టీ జిల్లా నాయకుడు రివాల్వర్ తీసి ఎదుటివాళ్ల మీద కాల్పులు జరిపాడు. గాయపడ్డవాళ్లలో ఒకరు తర్వాత ఆసుపత్రిలో చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు ఆ నాయకుడికి యావజ్జీవ శిక్ష వేసింది.

రెండు చోట్లా గొడవకు కారణం చాలా చిన్నది. ఇలాంటివి మన ఊళ్లలో ఎప్పుడూ ఉండేవే. మాటామాటా పెరిగి, కాలర్లు పట్టుకుని, పెద్దమనుషులు వచ్చి సర్దిచెప్పేసరికి చల్లారిపోతాయి. చేతికి తుపాకీ అందడంతో ఈ రెండూ చల్లారలేదు. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకునేదే. అసలు చూడాల్సింది ఆ తుపాకులు ఎక్కడి నుంచి వచ్చాయన్నది. ఆదిలాబాద్ రివాల్వర్‌కు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్ ఉంది. అక్కన్నపేట ఏకే-47 హుస్నాబాద్ పోలీస్ స్టేషన్ నుంచి మాయమైనది. నాటు తుపాకులకు పేరుపడ్డ బీహార్‌లోని ముంగేర్ నుంచి బస్సు సీటు కింద దాచి తెచ్చే నాటు పిస్టల్ రెండింట్లోనూ లేదు. "అక్రమ ఆయుధాలు పట్టుకుంటే చాలు, లైసెన్స్ ఉన్నవాళ్లతో ఏం ఇబ్బంది?" అనే వాదన ఈ రెండు కేసుల దగ్గర ఆగిపోతుంది.

అలాగని "పౌరుల చేతిలో తుపాకీయే ఉండొద్దు" అంటే సరిపోతుందా? ములుగు, భూపాలపల్లి అడవి అంచున మక్క చేను వేసే రైతును అడిగితే వేరే జవాబు వస్తుంది. ఆయన సంగతికి తర్వాత వస్తాను. ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఎందుకంటే మన దగ్గర తుపాకీ చర్చ చాలావరకు అమెరికా వార్తల నుంచి అరువు తెచ్చుకున్న మాటలతో జరుగుతోంది. ఆ మాటలు ఇక్కడ అతకవు.

హక్కా, అనుమతా?

అమెరికాలో ఆయుధం కలిగి ఉండటం రాజ్యాంగ హక్కు. 1791లో చేర్చిన రెండో సవరణ దానికి మూలం. అది వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే అక్కడ ప్రభుత్వం ఏ ఆంక్ష పెట్టినా "ఇది హక్కును భంగపరుస్తోందా?" అని కోర్టు అడుగుతుంది. మన దగ్గర ప్రశ్న తలకిందులుగా ఉంటుంది. తుపాకీ ఉండకూడదన్నది సాధారణ నియమం. ఉండాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి ఎందుకు కావాలో అడిగినవాడే చెప్పుకోవాలి. 2023 ఫిబ్రవరిలో, ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక బెయిల్ పిటిషన్ విచారణలో, జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ బి.వి. నాగరత్న ధర్మాసనం ఈ తేడానే ఎత్తిచూపింది. అమెరికాలోలాగా ఇక్కడ ఎవరికీ ఆయుధం పట్టే ప్రాథమిక హక్కు లేదని చెబుతూ, లైసెన్స్ లేని ఆయుధాల వాడకాన్ని తనంతట తానే (సుమోటోగా) విచారణకు తీసుకుంది.

ఈ హక్కును మన రాజ్యాంగంలో చేర్చాలని ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. బ్రిటిష్ వాళ్లు 1878లో, లార్డ్ లిట్టన్ వైస్రాయ్‌గా ఉన్నప్పుడు తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్స్ తప్పనిసరి చేసి, యూరోపియన్లను వదిలేసింది. ఆ అవమానం జాతీయోద్యమంలో చాలాకాలం రగిలింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలోని హక్కుల్లో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా ఒకటి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ తీర్మానాన్ని గుర్తుచేస్తూ సవరణ ప్రతిపాదించారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. దీన్ని ప్రాథమిక హక్కుగా రాస్తే అలవాటుగా నేరాలు చేసేవాళ్లు కూడా అదే హక్కు అడుగుతారన్నది ఆయన అభ్యంతరం. చివరికి రాజ్యాంగంలో ఆయుధాల ప్రస్తావన 19(1)(బి) అధికరణంలో మిగిలింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు అది.

ఢిల్లీలో ఈ చర్చ జరిగేనాటికి హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన పోలీస్ యాక్షన్ అయి మూడు నెలలు కూడా కాలేదు. వరంగల్, నల్లగొండ పల్లెల్లో కమ్యూనిస్టు దళాలు ఇంకా తుపాకులు దించలేదు. అంబేడ్కర్ తెలంగాణను ఉద్దేశించి ఆ మాట అన్నారని నేననడం లేదు. కానీ ఆయుధం జనం చేతికి వెళ్తే ఏమవుతుందన్న భయానికీ, ఎందుకు వెళ్లిందన్న ప్రశ్నకూ ఆ రోజుల్లో మన నేల కన్నా పెద్ద ఉదాహరణ దేశంలో ఎక్కడుంది?

1959 చట్టం: కాగితం మీద రైతు ముందున్నాడు

ఇప్పుడు అమల్లో ఉన్నది 1959 నాటి ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. దీని కింద తెచ్చిన నిబంధనలను 2016లో కొత్తగా రాశారు. ఈ చట్టంలో చాలామంది చదవని సెక్షన్ ఒకటుంది, పదమూడు. నా లెక్కలో మొత్తం చట్టం ఆత్మ అక్కడే ఉంది.

లైసెన్స్ అడిగేవాళ్లను ఆ సెక్షన్ రెండు రకాలుగా చూస్తుంది. మొదటి రకంలో ఆత్మరక్షణకో క్రీడకో గొట్టం కనీసం ఇరవై అంగుళాలు ఉన్న, లోపల మెలికల గాట్లు లేని తుపాకీ అడిగేవాళ్లు ఉంటారు. పంటను కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీ, అంటే మన ఊళ్లలో భర్మార్ అనేది, అడిగే రైతు కూడా ఈ రకంలోనే వస్తాడు. రైఫిల్ క్లబ్ సభ్యుడు గురి సాధన కోసం అడిగే పాయింట్ 22 రైఫిల్ కూడా ఇందులోనిదే. ఈ రకానికి అధికారి లైసెన్స్ "ఇవ్వాలి" అని చట్టం రాసింది. భర్మార్ సరిపోదని అధికారికి అనిపిస్తే రైతుకు మెరుగైన తుపాకీకి కూడా అనుమతి ఇవ్వొచ్చని చేర్చింది. మిగతావన్నీ రెండో రకం. జేబులో పట్టే రివాల్వర్, పిస్టల్, రైఫిల్ వంటివాటికి "తగిన కారణం" ఉందని అధికారికి నమ్మకం కుదిరితేనే ఇవ్వాలి.

దీని వెనక తర్కం తేలిగ్గానే అర్థమవుతుంది. పొడుగు గొట్టం తుపాకీని చొక్కా కింద దాచలేం. దాంతో పంచాయతీకో పెళ్లికో వెళ్లలేం. భర్మార్ ఒకసారి పేలితే మళ్లీ మందు పోసి, కూరి, సిద్ధం చేసుకునేసరికి కోపం కాస్త దిగుతుంది. దాచుకోగలిగేది, ఆరు తూటాలు ఒకదాని వెంట ఒకటి పేలేది రివాల్వర్. అందుకే దానికి జల్లెడ సన్నగా పెట్టారు. తాటిగూడ ఘటన చదివాక ఆ జల్లెడ ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

పద్నాలుగో సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్స్ నిరాకరించకూడదు. ప్రజాశాంతికి ముప్పు, మతిస్థిమితం లేకపోవడం, పాత శిక్షలు వంటివి నిరాకరణకు కారణాలు కావచ్చు, పేదరికం కాదు. నిరాకరిస్తే కారణాలు రాసిపెట్టాలి. దాని మీద అప్పీలుకు కూడా దారి ఉంది.

ఇక ఆచరణకు వస్తే ఈ వరుస మొత్తం తిరగబడింది. లైసెన్స్ రివాల్వర్ ఎవరి దగ్గర ఉంటుందని వరంగల్‌లో ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటే: లీడర్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు, కాంట్రాక్టర్లు, పెద్ద వ్యాపారులు. పంట కాపలాకు లైసెన్స్ తుపాకీ ఉన్న రైతును మీ ఊళ్లో చూపించమంటే మాత్రం తలగోక్కోవాల్సిందే. ఎవరికి "ఇవ్వాలి" అని చట్టం రాసిందో వాడికి దొరకదు. ఎవరికి "కారణం చూసి ఇవ్వండి" అందో వాడికి దొరుకుతుంది. చట్టాన్ని ఎవరూ మార్చలేదు. "తగిన కారణం" అంటే ప్రాణహాని అనీ, ప్రాణహాని అంటే పలుకుబడి ఉన్నవాడికి ఉండేదనీ ఆఫీసుల్లో స్థిరపడిపోయింది.

లైసెన్స్ దారి

ఈ లైసెన్స్ ఎవరిస్తారన్నది మీరు ఉండే చోటును బట్టి మారుతుంది. జిల్లాలో కలెక్టర్, అంటే జిల్లా మేజిస్ట్రేట్. పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్. హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాలు వరంగల్ కమిషనరేట్ కిందికి వస్తాయి. ములుగులో, భూపాలపల్లిలో కమిషనరేట్ లేదు, ఎస్పీ ఉంటారు. కాబట్టి అక్కడ ఫైలు కలెక్టరేట్‌లో తిరుగుతుంది. ఏ ఆఫీసైనా మీ ఏరియా పోలీస్ స్టేషన్ నుంచి రిపోర్టు తెప్పించుకుంటుంది. మీ మీద కేసులున్నాయా, ఎవరితో తగాదాలున్నాయి, నిజంగా ముప్పు ఉందా, తుపాకీ భద్రంగా దాచుకునే ఏర్పాటు ఉందా అని చూస్తారు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఉండాలి. 2016 నిబంధనలు వచ్చాక ఆయుధం వాడకం, భద్రత మీద శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, ఆరోగ్య ధ్రువీకరణ కూడా అడుగుతున్నారు. ప్రతి లైసెన్స్‌కూ జాతీయ డేటాబేస్‌లో ఒక ప్రత్యేక సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య లేని పాత లైసెన్స్ చెల్లదు.

ఆ డేటాబేస్ అవసరం ఎందుకొచ్చిందో జమ్మూకశ్మీర్ వ్యవహారం చూస్తే తెలుస్తుంది. 2012 నుంచి 2016 మధ్య అక్కడి జిల్లాల్లో ఇచ్చిన 2.78 లక్షల లైసెన్సుల మీద సీబీఐ దర్యాప్తు చేపట్టింది. అక్కడ కాలు పెట్టనివాళ్ల పేర్ల మీద కూడా డబ్బు తీసుకుని ఇచ్చారన్నది ఆరోపణ. బ్యాంకు గుమ్మం దగ్గర డబుల్ బ్యారెల్ పట్టుకుని నిలబడే గార్డు సంగతి ఇక్కడ ప్రస్తావించాలి. ఆ తుపాకీ చాలాసార్లు బ్యాంకుది కాదు, ఏజెన్సీది కూడా కాదు, ఆ మాజీ సైనికుడి సొంత లైసెన్స్ మీద కొన్నది. తుపాకీ ఉన్న గార్డుకు జీతం ఎక్కువ. అంటే లైసెన్స్ కాగితమే ఆయనకు ఉద్యోగ అర్హత. అలాంటి కాగితానికి దొంగ మార్కెట్ పుట్టడంలో వింతేముంది?

ఏ తుపాకీ కొనవచ్చన్నదానికి కూడా గీత ఉంది. దాన్ని బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పును చెప్పే కొలతను బట్టి గీశారు. పన్నెండు బోరు, పాయింట్ 32 రివాల్వర్, పాయింట్ 315 రైఫిల్ వంటివి మామూలు పౌరుడికి అనుమతించే రకాలు. పోలీసులు, సైన్యం వాడే 9 ఎంఎం, పాయింట్ 303 లాంటివి నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. వాటికి అనుమతి కేంద్ర హోంశాఖ నుంచే రావాలి. ఏకే-47 లాంటి ఆటోమేటిక్ ఆయుధం పౌరుడి దగ్గర ఉండే ప్రశ్నే లేదు.

ఎమ్మెల్యే వెనక కార్బైన్ పట్టుకుని నడిచే గన్‌మెన్‌కూ, ఎమ్మెల్యే నడుముకు ఉన్న సొంత రివాల్వర్‌కూ సంబంధం లేదన్నది చాలామందికి తెలియదు. మొదటిది పోలీసు శాఖ ఇచ్చే భద్రత, ఆయుధం ప్రభుత్వానిది. రెండోది వ్యక్తిగత లైసెన్స్. కానీ ఊళ్లో రెండింటికీ దక్కే గౌరవం ఒకటే. గన్‌మెన్‌ను తీసేస్తే పరువు పోయినట్టు బాధపడే నాయకులను చూస్తూనే ఉన్నాం. ముప్పు ఎంత, హోదా ఎంత అన్న లెక్క అక్కడే కలగాపులగమైపోతుంది.

2019 డిసెంబరులో వచ్చిన సవరణ కొన్ని నట్లు బిగించింది. ఒకరి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్న పరిమితిని రెండుకు తగ్గించింది. మొదట ఒక్కటే అని బిల్లులో రాశారు, అభ్యంతరాలు వచ్చాక రెండు చేశారు. లైసెన్స్ కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. పోలీసుల, సైనికుల ఆయుధం బలవంతంగా లాక్కుంటే పదేళ్ల నుంచి యావజ్జీవం. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పడేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన వైపు బరాత్‌లో డీజే మోతే ఎక్కువ, ఈ కాల్పుల పిచ్చి ఉత్తరాదిది. లైసెన్స్ కాలం పెంచడం మాత్రం నాకు నచ్చలేదు. ముప్పు ఉందని ఇచ్చిన తుపాకీని ఐదేళ్ల దాకా ఎవరూ మళ్లీ చూడకపోతే, ముప్పు పోయినా తుపాకీ మిగులుతుంది.

దేశం మొత్తంలో ఎన్ని తుపాకులు ఉన్నాయన్నదానికి రెండు లెక్కలున్నాయి. హోంశాఖ ప్రకారం 2016 చివరికి 33.69 లక్షల లైసెన్సులు. అందులో ఒక్క ఉత్తరప్రదేశ్‌వే 12.77 లక్షలు. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017కు వేసిన అంచనా ప్రకారం పౌరుల దగ్గర 7.1 కోట్ల తుపాకులు. అందులో నమోదైనవి 97 లక్షలే. మిగతా ఆరు కోట్లకు పైగా ఏ రికార్డులోనూ లేనివి. నూరు మందికి లెక్కేస్తే అమెరికాలో 120, మన దగ్గర ఐదు. మన దేశంలో తుపాకీ హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్స్ లేని వాటితోనే జరుగుతున్నాయని జాతీయ నేర రికార్డులు ఏటా చెబుతున్నాయి. అందుకే లైసెన్స్ చర్చ ఒక్కటే సరిపోదు. కానీ రికార్డుల్లో లేనిది ఒకప్పుడు ఎవరో ఒకరి రికార్డులో ఉన్నదే కావచ్చు. ఉత్తర తెలంగాణకు ఆ సంగతి బాగా తెలుసు.

గడీ నుంచి దళానికి

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ దెబ్బకు ఒరిగినప్పుడు ఊరి జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తుపాకీ గడీలో ఉండేది. సాయుధ పోరాటం పెరిగేకొద్దీ ఆ గడీల తుపాకులే దళాల చేతికి వచ్చాయి. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగాక కొన్ని ప్రభుత్వానికి చేరాయి, కొన్ని భూమిలోకి వెళ్లాయి.

1978లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర తర్వాత, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక, అదే కథ రెండోసారి నడిచింది. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ తొలి రోజుల్లో దళాలకు ఆయుధాలు సరిహద్దులు దాటి రాలేదు. దొరల ఇళ్లలోని లైసెన్స్ తుపాకులే తొలి ఆయుధాలయ్యాయి. ఊళ్లో తుపాకీ ఉన్న ఇల్లు దళానికి గురి అయింది. కాపాడుతుందని కొన్న తుపాకీయే ఇంటి మీదికి ప్రమాదం తెచ్చింది. చాలామంది భూస్వాములు తుపాకులు స్టేషన్లో అప్పగించి, వరంగల్‌కో హైదరాబాద్‌కో మకాం మార్చారు.

ఇది పాత చరిత్ర అనుకోవద్దు. 2025 అక్టోబరులో ములుగు జిల్లాకు చెందిన మావోయిస్టు నేత ఆశన్న నాయకత్వంలో 210 మంది ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో లొంగిపోయినప్పుడు 153 ఆయుధాలు అప్పగించారు. అందులో ఏకే-47లు 19. పోలీసుల నుంచి లాక్కున్నవని తేలిగ్గా అర్థమయ్యే పాయింట్ 303లు 36, ఇన్సాస్‌లు 23. అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నవి పన్నెండు బోరు, సింగిల్ షాట్ తుపాకులు, 41. రైతుకో గార్డుకో లైసెన్స్ ఇచ్చే తరహావి ఇవే.

ఈ వైపు అధికారులు అడవి అంచు ఊళ్లకు లైసెన్స్ అంటే ఎందుకు వెనకాడతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. మనుషులకు తుపాకులిచ్చి ప్రభుత్వం తన యుద్ధంలోకి దింపితే ఏమవుతుందో గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిపిన సల్వాజుడుం చూపించింది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులని పేరుపెట్టి ఆయుధాలిచ్చి వాడుకోవడం చెల్లదని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ హింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన గుత్తికోయ కుటుంబాలు ఇప్పటికీ ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉన్నాయి. నా అభ్యంతరం వేరే. అధికారుల జాగ్రత్త రైతు దగ్గర మాత్రమే పనిచేసి, హనుమకొండ రియల్టర్ దగ్గర సడలిపోతోంది.

అడవిపంది, కరెంటు తీగ

ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల చుట్టూ, కవ్వాల్ చుట్టూ ఉన్న ఊళ్లలో మక్క, పల్లి, వరి వేసిన రైతుకు పెద్ద శత్రువు అడవిపంది. రాత్రికి రాత్రి మంద దిగితే తెల్లారేసరికి చేను దున్నినట్టు ఉంటుంది. మంచె మీద కాపలా, డబ్బా చప్పుళ్లు, పాత చీరల కంచె అన్నీ చేసి చూస్తారు. భర్మార్‌కు లైసెన్స్ ఇవ్వాలని చట్టం రాసింది ఇలాంటి రైతు కోసమే. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తుపాకీకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన జంతువును కాల్చే వీలు లేదు. బెదిరించడానికి పేల్చవచ్చు, చంపాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. రెండు చట్టాలు, రెండు ఆఫీసులు. మధ్యలో రైతు.

ఆ ఖాళీలోకి కరెంటు తీగ వచ్చింది. చేను చుట్టూ జీఐ వైరు లాగి నేరుగా లైనుకు తగిలిస్తారు. వేటగాళ్లయితే అడవిలోనే లాగుతారు. దానికి పంది, ఆవు, మనిషి అన్న తేడా తెలియదు. పక్క చేనుకు నీళ్లు పెట్టడానికి పొద్దుగాల పోయిన రైతులు, అడవిలో గాలింపుకు వెళ్లిన పోలీసులు కూడా ఈ తీగలకు బలయ్యారు. పిండిలో మందుగుండు పెట్టి చేసే నాటు బాంబులు ఇంకో ఘోరం. మేతకు వెళ్లిన పశువు నోరు పేలిపోతుంది. తుపాకీ ఇవ్వకపోవడం వల్ల ఊరు సురక్షితంగా ఉందనుకునే అధికారి ఈ చావులను ఏ లెక్కలో వేస్తాడు?

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. పంటను నాశనం చేసే అడవిపందులను చంపడానికి అనుమతించే అధికారం సర్పంచులకు ఇస్తూ, లైసెన్స్ ఉన్న షూటర్ల జాబితాతో పని చేయించే ఏర్పాటు కొన్నేళ్ల కిందట తెచ్చింది. ఆలోచన నాకు నచ్చింది. ప్రతి రైతుకూ తుపాకీ అవసరం లేదు, గురి తెలిసిన ఒక మనిషి పది ఊళ్లకు సరిపోతాడు. ఆయుధం ఎవరి దగ్గరుందో అందరికీ తెలుస్తుంది. తుపాకీ పేలినప్పుడు ఎందుకు పేలిందో రాసి ఉంటుంది. కానీ 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లలో సర్పంచే లేడు, ఆయన స్థానంలో ప్రత్యేకాధికారి. అడవిపంది మాత్రం ప్రత్యేకాధికారి కోసం ఆగదు కదా.

లైసెన్స్ ఉంటే కాల్చొచ్చా?

తుపాకీ లైసెన్స్ ఉంచుకునే హక్కే ఇస్తుంది, కాల్చే హక్కు ఇవ్వదు. ఎప్పుడు కాల్చవచ్చన్నది భారతీయ న్యాయ సంహితలోని ఆత్మరక్షణ సెక్షన్లు, 34 నుంచి 44 వరకు, చెబుతాయి. లైసెన్స్ ఉన్నవాడికీ, చేతిలో గొడ్డలి ఉన్నవాడికీ ఆ సెక్షన్లు ఒకటే. ప్రాణం పోతుందనో, తీవ్రంగా గాయపడతామనో నిజమైన భయం ఉండాలి. దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి రావడం లాంటి కొన్ని సందర్భాల్లో ఆస్తి కోసం కూడా చట్టం అంతదూరం పోనిస్తుంది. అప్పుడు కూడా అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. ప్లాటు హద్దురాళ్లు పీకుతున్నారని, వెంచర్‌లోకి జేసీబీ వచ్చిందని రివాల్వర్ తీస్తే లైసెన్స్ కాపాడదు. అసలు చాలామంది రియల్టర్లు తుపాకీ అడిగేది ఏ తగాదాల కోసమో, ఆ తగాదాల్లో దాన్ని వాడే వీలు చట్టంలో దాదాపు లేదు. మరి ఎందుకు? చూపించడానికి. చూపించి బెదిరించడం కూడా నేరమే.

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్స్ తుపాకులు స్టేషన్లో జమ చేయాలని పోలీసులు ప్రకటన ఇస్తారు. నెలల తరబడి తుపాకీ లేకుండా ఏ ఇబ్బందీ పడని యజమాని ఫలితాలు రాగానే మళ్లీ తెచ్చుకుంటాడు. రెన్యువల్ ఫైలు చూసే అధికారి ఈ ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది: జమ చేసిన రోజుల్లో మీ ప్రాణహాని ఎక్కడికి పోయింది?

గాలి తుపాకీల గురించి చిన్న మాట. మేడారం జాతరలో బుగ్గలు (బెలూన్లు) పేల్చే తరహావి, 20 జౌల్స్ శక్తి, పాయింట్ 177 బోరు దాటనివాటికి లైసెన్స్ అక్కర్లేదు. కానీ వాటితో పిట్టల్ని కొడితే వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

వరంగల్‌లో తుపాకీ మాట ఎక్కువగా వినిపించేది ఇప్పుడు వేరే సందర్భంలో. అమెరికాలో చదివే, పనిచేసే పిల్లల గురించి. 2017లో, 2018లో వరంగల్ యువకులు అక్కడ దుండగుల కాల్పుల్లో చనిపోయారు. అప్పటి నుంచి అక్కడ ఏ మాల్‌లో కాల్పులు జరిగినా ఇక్కడి ఇళ్లలో టెన్షన్. "నువ్వూ ఒకటి కొనుక్కోరాదు బిడ్డా" అని ఫోన్లో చెప్పే తండ్రులూ ఉన్నారు. స్టూడెంట్ వీసా, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధించింది. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. పట్టుబడితే జైలుకు పోవడమే కాదు, వీసా కూడా పోవచ్చు. ఇంట్లో ఉన్న తుపాకీ ముందుగా ఇంట్లోవాళ్లకే ప్రమాదమన్నది అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతున్న మాట.

మళ్లీ మన దగ్గరికి. కొత్త చట్టం అవసరం లేదని నా అభిప్రాయం. 1959లో రాసిన వరుసను పాటిస్తే చాలు. రివాల్వర్‌కు ముప్పును ప్రతి రెన్యువల్‌లో మొదటి నుంచి తిరిగి చూడాలి. పంట కాపలాకు లైసెన్స్ ఉన్న షూటర్లను మండలానికి కొందరిని సిద్ధంగా ఉంచాలి, అనుమతి పంచాయతీ ఎన్నికల మీద ఆధారపడకూడదు. స్టేషన్ ఆయుధాగారాన్ని బయటి అధికారి ఏటా తనిఖీ చేయాలి. ఏకే-47 స్టేషన్లో లేదన్న సంగతి అది ఊళ్లో పేలాక అందరికీ తెలియడం ఏ చట్టంలో లోపమూ కాదు.

చివరగా పాత ఇళ్లవాళ్లకు పనికొచ్చే సంగతి. తాత కాలంనాటి తుపాకీ అటక మీదో ధాన్యం గదిలోనో దొరికితే, లేదా లైసెన్స్ ఉన్న తండ్రి చనిపోతే, దాన్ని ఇంట్లో ఉంచుకోవద్దు. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గరో జమ చేసి రసీదు తీసుకోవాలి. వారసులు కావాలనుకుంటే తమ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వద్దనుకుంటే లైసెన్స్ ఉన్నవాళ్లకు అమ్మే వీలు కూడా ఉంది. ఏదీ చేయకుండా అటక మీదే వదిలేస్తే, "మా తాతది" అన్న జవాబు కేసులో పనికిరాదు. దొరికిన రోజున అది ఎవరి అధీనంలో ఉందన్నదే చూస్తారు, కనీస శిక్ష రెండేళ్లు.